నాలుగో బల్ల

ఆ సోమవారం పొద్దున్నే, పనివాళ్ళు ఇంకా రాకముందే, జగన్నాథరావు అచ్చుకూటం తాళం తీసి, పంచె ఎగగట్టి, ఐదు బల్లల్నీ తానే ఈడ్చి ఒకే వరసలో వేశాడు. దూరంగా నిలబడి ఒకసారి, దగ్గరికొచ్చి వంగి ఒకసారి చూసుకున్నాడు. వరస ఎక్కడా వంకరపోలేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన దొరకి కూడా ఆఖరి రోజున ఇంత తృప్తి కలిగి ఉండదని అతనికి గట్టిగా అనిపించింది.

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద రైలు వంతెన ఇంకా కడుతున్న రోజులవి. అచ్చుకూటం సంపూర్ణమ్మగారిది. భర్త పోయాక ఆవిడే నడుపుకొస్తోంది. పేరుకి అచ్చుకూటమేగాని అక్కడ దొరకని సేవ లేదు. పెళ్ళివారు వచ్చి ముహూర్తం చెప్పి వెళ్ళిపోతే చాలు. శుభలేఖకి పద్యం రాయించడం, బొమ్మ చెక్కించడం, అచ్చు వేయడం, మడవడం, నాలుగు మూలలా పసుపు పెట్టడం, ఊరూరా తిరిగి పిలుపులు పిలవడం, అన్నీ వాళ్ళే చూసుకునేవారు. నాటకాలవాళ్ళకీ, మందులవాళ్ళకీ, సభలవాళ్ళకీ కూడా ఇదే సేవ, పసుపూ పిలుపులూ తప్ప.

ఇదంతా అక్కడ కేకల మీద నడిచేది. "వీరవేణీ, ఇవి పెళ్ళివి, పసుపు పెట్టు!" అనీ, "గంగయ్యా, ఇవి నాటకంవి, సంతలో పంచెయ్!" అనీ కంపోజిటరు లాజరు సీసం అక్షరాలు పేరుస్తూనే అరిచేవాడు. లాజరు మిషను బడిలో చదువుకున్నవాడు, పాతికేళ్ళుగా అక్కడే ఉన్నవాడు. ఏ కాగితం దేనికో తెలిసినవాడు అతనే. పసుపు పెట్టే వీరవేణికి చదువు రాదు. కాగితాలు పంచే గంగయ్యకీ రాదు. లాజరు గొంతే వాళ్ళిద్దరికీ చదువు.

జగన్నాథరావు మేనేజరుగా చేరి రెండున్నర నెలలైంది. అంతకుముందు మద్రాసులో ఒక పెద్ద అచ్చుకూటాన్ని కిటికీలోంచి ఒక పూటంతా చూసి వచ్చాడు. ఆ ఒక్క పూటలో గ్రహించినంత విద్య మరొకడు పదేళ్ళు పనిచేసినా గ్రహించలేడని అతని నమ్మకం. "మూడు నెలలు చూస్తాను బాబూ. పని చక్కబడితే ఉందువుగాని," అని సంపూర్ణమ్మగారు మాటిచ్చింది. చక్కబడకపోతే కొవ్వూరులో మామగారి పొగాకు కొట్టు ఉండనే ఉంది. అక్కడ మామగారు "మా అల్లుడండీ" అని చెప్పే తీరుకి బస్తాలు మోసేవాళ్ళు కూడా మొహం తిప్పుకుని నవ్వుతారు. ఆ కొట్టు తలుచుకుంటే జగన్నాథరావుకి అన్నం సహించేది కాదు.

పనివాళ్ళు రాగానే గోడకి తగిలించిన పలక చూపించాడు.

"ఇవాళ్టి నుంచి ఈ కూటంలో కేకలుండవు. మొదటి బల్ల మీద అక్షరాలు పేర్చడం, రెండోదాని మీద అచ్చు, మూడోదాని మీద మడత, నాలుగోదాని మీద పసుపు, ఐదోదాని మీద కట్టలు. పని పై లాకులో పడి కింది లాకులోంచి పోవాలి, కాలవలాగ. మధ్యలో ఎవరూ అడ్డం రాకూడదు."

"కాలవకి తూములుంటాయి కదండీ," అన్నాడు లాజరు. "ఏ నీళ్ళు ఏ చేలోకి పోవాలో చూడ్డానికి."

"ఆ తూములు మేనేజరు చూసుకుంటాడు లాజరూ. పలక చదువు."

లాజరు పైకి చదివాడు. ఎవరి బల్ల వారిది. బల్ల మీదికి వచ్చినదానికి తన పని చేసి పక్కబల్లకి తోయవలెను. బల్ల విడిచి లేవరాదు. కేకలు వేయరాదు. ప్రశ్నలు వేయరాదు.

"అడక్కపోతే ఎలాగండీ?" అంది వీరవేణి.

"ఇదే ప్రశ్న. ఇదే వేయకూడదు," అన్నాడు జగన్నాథరావు.

అదేం చిత్రమో, పద్ధతి అద్భుతంగా పనిచేసింది. మాఘమాసం కావడంతో వచ్చినవన్నీ శుభలేఖలే. రెండురోజుల పని ఒక పూటలో అయిపోతోంది. జగన్నాథరావు గడియారం చేత్తో పట్టుకుని వరస పొడుగునా తిరుగుతూ నిమిషాలు లెక్కపెట్టేవాడు. సంపూర్ణమ్మగారు లోపలి గదిలోంచి వచ్చి కాసేపు విని, "దూలం మీద పిచ్చుకల చప్పుడు వినిపిస్తోంది," అని వెళ్ళిపోయింది. అది మెచ్చుకోలు మాటేనని అతను తీర్మానించుకున్నాడు.

పన్నెండో రోజున చంద్రరావు పంతులుగారు వచ్చారు. కోర్టులో పేరుమోసిన ప్లీడరు ఆయన. ప్లీడరీ మానేసిన దగ్గర్నుంచి సంఘసంస్కరణ మీద పడ్డారు. వచ్చే శనివారం సాయంత్రం తమ ఇంటి ముందు పందిరిలో వివాహాలలో దుబారా ఖర్చు గురించి ఉపన్యసించబోతున్నారు. దానికి ఐదువందల నోటీసులు కావాలి.

"పోయిన ఉపన్యాసానికి పదకొండుమంది వచ్చారయ్యా. అందులో నలుగురు బెంచీలు మోసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు," అన్నారాయన బాధగా. "నేనొక మాసపత్రిక పెడుతున్నాను. శనివారంనాడు వందమందిని రప్పించిన అచ్చుకూటానికే ఆ పని ఇస్తాను."

ఆయన వెళ్ళాక సంపూర్ణమ్మగారు తాపీగా అంది. "పత్రిక పని వస్తే నువ్విక్కడే ఉంటావు. రాకపోతే కొవ్వూరు పడవ రేవులోనే ఉంది బాబూ."

"వందేమిటండీ, రెండువందలు," అన్నాడు జగన్నాథరావు.

నోటీసు మొదటి బల్ల మీద పడింది. లాజరు పేర్చాడు. గులాబిరంగు కాగితం మీద అచ్చయింది, మడత పడింది, నాలుగో బల్ల చేరింది. పసుపుగిన్నె ముందు కూర్చున్న వీరవేణి వేలు ముంచబోయి ఆగిపోయింది. పంతులుగారు వచ్చి వెళ్ళడం ఆమె చూసింది. ఆయన ముగ్గురు కూతుళ్ళకీ పెళ్ళిళ్ళు అయిపోయాయని ఊరంతటికీ తెలుసు.

"అయ్యగారండీ, ఇది ఎవరి..."

జగన్నాథరావు గడియారం మీంచి కళ్ళెత్తకుండానే వేలు పలక వైపు చూపించాడు. మొదటి బల్ల దగ్గర లాజరు తలెత్తాడు, పసుపుగిన్నె చూశాడు, నోరు తెరిచాడు. ఆ వేలు అతని వైపు తిరిగింది. లాజరు నోరు మూసుకుని అక్షరాల్లో మునిగిపోయాడు. ఐదువందల నోటీసులు, రెండువేల మూలలు, ముద్దపసుపుతో మెరిసిపోతూ ఐదో బల్లకి చేరాయి. మొత్తం పని నాలుగు గంటల్లో ముగిసింది. అంత తొందరగా ఆ కూటంలో ఏ పనీ ముగియలేదు. జగన్నాథరావు గడియారాన్ని ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు.

గంగయ్య కట్టలు అందుకున్నాడు. పసుపు చూశాడు. సభల నోటీసైతే సంతలో నిలబడి వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ ఇచ్చేస్తాడు. శుభలేఖ అలా ఇవ్వకూడదు. ఇంటికి వెళ్ళి, యజమానిని పిలిచి, రెండు చేతులా అందించి, ఇంటిల్లిపాదీ రావాలని చెప్పాలి. పంతులుగారి ముగ్గురు కూతుళ్ళ పెళ్ళిపిలుపులూ పిలిచినవాడు తనే. చుట్టాలెవరో, పాత క్లయింట్లెవరో, ఏ ఊళ్ళో ఏ గుమ్మమో అతనికి కంఠతా వచ్చు. ఎవరినీ అడగాల్సిన పని లేదు, అడగనిచ్చేదీ లేదు. కాలవ పడవెక్కి కడియం, మండపేట, రామచంద్రపురం చుట్టబెట్టి, గోదావరి దాటి పెనుగొండ దాకా వెళ్ళివచ్చాడు.

అక్కడక్కడ చదువొచ్చినవాళ్ళు లేకపోలేదు. ఒక ఊళ్ళో కరణంగారు కాగితమంతా చదివి ఇది పెళ్ళి కాదు, ఉపన్యాసమని చెప్పాడు. ఊరివాళ్ళు మర్యాదగా విన్నారు. తరవాత కాగితం తిప్పి మూలలు చూపించారు. ఉపన్యాసానికి పసుపెవరు పెడతారు? చివరికి కరణంగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన కూడా బండి కట్టించాడు.

శనివారం ఉదయం ఎనిమిది గంటలకి, బెంచీలు సర్దించడానికి జగన్నాథరావు గోదావరి గట్టు పక్కనున్న పంతులుగారి ఇంటికి వెళ్ళేసరికి ముప్ఫై బండ్లు విప్పి ఉన్నాయి. ఉపన్యాసం సాయంత్రం నాలుగింటికి. అతని ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అరుగు మీద పంతులుగారు తబ్బిబ్బైపోతున్నారు. "మన జనంలో ఇంత చైతన్యం ఉందని నాకు తెలియనే తెలియదయ్యా!"

"అంతా పద్ధతిలో ఉందండీ," అన్నాడు జగన్నాథరావు.

పది గంటలకి బండ్లు లెక్కపెట్టడం మానేశారు. రేవులో పడవలు దిగుతున్నాయి. పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్ళు, కొత్త లాగులు తొడుక్కున్న పిల్లలు, తలల మీద అరిసెల బుట్టలు. కొత్తగా వేసిన తాటాకు పందిరి చూడగానే అందరి మొహాలూ వికసించాయి. ఎవరో సన్నాయిమేళాన్ని కూడా వెంటబెట్టుకొచ్చారు.

"ఉపన్యాసానికి సన్నాయి ఎందుకయ్యా?" అన్నారు పంతులుగారు.

"ఉత్సాహమండీ," అన్నాడు జగన్నాథరావు. ఆ మాట అని సన్నాయివాళ్ళ వైపు మాత్రం రెండోసారి చూశాడు.

అప్పుడే మండపేట నుంచి వచ్చిన బుల్లెమ్మ అనే ముసలావిడ అతని చెయ్యి పట్టుకుంది. "పెళ్ళికూతుర్ని ఏ గదిలో కూచోబెట్టారు బాబూ? చూసి ఆ చెట్టు కింద నడుం వాలుస్తాను." చేతిలో గులాబిరంగు కాగితం ఉంది. నాలుగు మూలలా పచ్చగా ఉంది.

జగన్నాథరావు ఆ మూలలు చూశాడు. పరుగున వెళ్ళి బెంచీలు వేస్తున్న లాజరుని పట్టుకున్నాడు. "లాజరూ, నోటీసులకి పసుపెందుకు పడింది?"

"పసుపు నాలుగో బల్లండీ. నాది మొదటి బల్ల."

మంచి చీర కట్టుకుని వీరవేణి అటే వస్తోంది. "బల్ల మీదకి వచ్చినదానికి పెట్టేనండి. అడగబోతే వేలు చూపించేరు కదండీ."

"మరి నువ్వెందుకొచ్చావు?"

"పెళ్ళికండి. నాకూ ఒక కాగితం మిగిలిందండి."

ఇంతలో రామచంద్రపురం పడవవాళ్ళని నడిపించుకుంటూ గంగయ్య వచ్చాడు, మొహం వెలిగిపోతూ. "ఒక్క గడప వదల్లేదండి అయ్యగారు! పెనుగొండలో అమ్మగారి అన్నగారి ఇంటికి కూడా వెళ్ళి చెప్పేనండి. ఆయన కాగితం చదివి, కర్ర ఎక్కడుందని అడిగేరండి."

ఆ కర్ర రావడానికి అట్టే ఆలస్యం కాలేదు. పంతులుగారి భార్య రామలక్ష్మిగారి అన్నగారు వెంకన్నగారు ఇద్దరు తమ్ముళ్ళతో పందిట్లోకి దూసుకొచ్చారు. వివాహం అనే మాట, చంద్రరావు అనే పేరు, పసుపు, ఈ మూడూ ఒకే కాగితం మీద చూశాక ఆయనకి సందేహించడానికేమీ మిగల్లేదు. మిగతా రాతంతా ప్లీడరు బుద్ధి అనుకున్నారు.

"ఏడీ మా బావ? ఈ వయసులో రెండో పెళ్ళా? మా చెల్లెలు బతికుండగానే? పైగా మాకే శుభలేఖా?"

పందిట్లో తలలన్నీ అటు తిరిగాయి. సన్నాయి కూడా ఆగింది.  ముప్ఫై ఏళ్ళు కోర్టులో వాదించిన పంతులుగారు మెట్ల మీద నీళ్ళు నములుతూ నిలబడిపోయారు. తలుపు వెనక నుంచి రామలక్ష్మిగారు గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ మొహం చూస్తే జగన్నాథరావుకి నిజంగా భయం వేసింది. ఇది పత్రిక పోవడంతో ఆగేది కాదు. ఒక కాపురం కూలిపోయేలా ఉంది, అదీ తన గడియారం సాక్షిగా.

"పెళ్ళికూతురెవరు? చెప్పండి!" అని కర్ర నేలకేసి కొట్టారు వెంకన్నగారు.

అప్పుడు జగన్నాథరావు, జీవితంలో మొదటిసారి ఏ పద్ధతీ ఆలోచించకుండా, ముందుకొచ్చి గట్టిగా అన్నాడు. "ఇంకెవరండీ? మీ చెల్లెలుగారే! ఇది పంతులుగారి షష్టిపూర్తి!"

షష్టిపూర్తి అంటే అరవై నిండిన భర్తకి భార్యతోనే మళ్ళీ పెళ్ళి. పందిరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎవరో "అదీ సంగతి!" అన్నారు. వెంకన్నగారు మాత్రం కర్ర దించలేదు.

"బావకి యాభై ఎనిమిదే కదయ్యా?"

"అధికమాసాలన్నీ కలుపుకుంటే నిండినట్టేనండీ," అన్నాడు జగన్నాథరావు, రెప్ప వేయకుండా.

వెంకన్నగారు వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పంతులుగారు తేరుకుని, ఇదంతా అచ్చుకూటం వాళ్ళ నిర్వాకమని చెప్పడానికి నోరు తెరిచారు. ఆయన కంటే ముందు రామలక్ష్మిగారు మాట్లాడింది. ఆవిడకి ఇది అబద్ధమని తెలుసు. పందిరి దేనికి వేశారో కూడా తెలుసు.

"అన్నయ్యా, ఆ కర్ర పక్కన పెట్టు. నా పెళ్ళికి నాకు ఎనిమిదేళ్ళు. తాళి కట్టేవేళకి నాన్న ఒళ్ళో నిద్రపోయానట. అమ్మ చెప్పగా విన్నదే తప్ప నా పెళ్ళి నేను చూడలేదు." భర్త వైపు తిరిగింది. "ఇవాళ మెలకువగా ఉన్నానండి. పసుపు పట్టుకుని మన గుమ్మంలోకి వచ్చినవాళ్ళని పస్తు పంపిస్తే మాత్రం నేనీ ఇంట్లో ఉండను."

చంద్రరావుగారు మెట్లెక్కి భార్య దగ్గరికి వచ్చారు. ఇన్నేళ్ళలో ఆవిడ తనకంటూ ఏదీ అడగలేదన్న సంగతి ఆయనకి అప్పుడే తట్టినట్టుంది. "గాదె తాళం ఎక్కడుంది?" అన్నారు నెమ్మదిగా.

అక్కడి నుంచి జగన్నాథరావుని పట్టుకునేవాడు లేడు. పెరట్లో గాడిపొయ్యిలు తవ్వించాడు. వెంకన్నగారి కర్ర పందిరి గుంజకి ఊతంగా పాతించాడు. బియ్యం ఒకచోట, కూరలు ఒకచోట, వంటవాళ్ళు ఒకచోట, వడ్డించేవాళ్ళు ఒకచోట నిలబెట్టాడు. ఈసారి మాత్రం ప్రతివాడూ ప్రతివాణ్ణీ కేకేసి అడుగుతున్నాడు, అతను ఒక్కరినీ ఆపలేదు. వంట పూర్తవడానికి ఎంత లేదన్నా మూడు గంటలు పడుతుందని వంటవాళ్ళు తేల్చారు. పన్నెండువందలమంది అంతసేపు ఏం చేస్తారు? జగన్నాథరావు పంతులుగారి చెవిలో చెప్పాడు. "ఇదే అదనండీ. ఉపన్యాసం కానివ్వండి."

పంతులుగారు లేచారు. వివాహాలలో దుబారా ఎంత అనర్థమో చెప్పడం మొదలుపెట్టారు. జనం ఇది కూడా షష్టిపూర్తిలో ఒక తంతే అనుకుని చేతులు జోడించి విన్నారు. ఇరవైమందికి మించి పిలవకూడదని ఆయన గర్జిస్తుండగా పెరట్లో బూరెలు నూనెలో పడ్డాయి. భోజనాల్లో రెండు కూరలకి మించకూడదన్నప్పుడు పనసపొట్టు కూర పోపు ఘుమఘుమ పందిరంతా కమ్మింది. గుమ్మడికాయ దప్పళం గుండిగ మూత తీసినప్పుడల్లా జనం హర్షధ్వానాలు చేశారు. పంతులుగారు అవి తమ వాక్యాలకే అనుకుని మరింత రెచ్చిపోయారు. రెండున్నర గంటలపాటు ఒక్క మనిషి కదల్లేదు.

"ముహూర్తం దాటిపోతుందేమో బాబూ," అని మధ్యలో బుల్లెమ్మ ఒక్కర్తే అంది.

తరవాత రామలక్ష్మిగారు, కళ్ళు నిండా మెలకువతో, భర్త మెడలో దండ వేసింది. వెంకన్నగారు అందరికంటే ముందు ఏడ్చారు. ఎవరి బంతిలో వాళ్ళు కూర్చుని తిన్నారు. మూడు బంతులు లేచాయి. గంగయ్య రెండు బంతుల్లో కూర్చున్నాడు.

సోమవారం జగన్నాథరావు ట్రంకుపెట్టెతో అచ్చుకూటానికి వచ్చాడు. అది పైకి కనబడకుండా బయట మెట్ల పక్కన పెట్టి లోపలికి అడుగుపెట్టాడు. లోపల చంద్రరావుగారు కూర్చుని ఉన్నారు, ఒళ్ళో మాసపత్రిక రాతప్రతుల కట్టతో.

"పన్నెండువందలమంది సంపూర్ణమ్మా! ఒక్కడు లేవలేదు! పనంతా నీకే. ఈ కుర్రాణ్ణి మాత్రం వదలకు. ఇంకో మాట. మా ఆవిడ నాతో రెండ్రోజులుగా నవ్వుతూ మాట్లాడుతోంది." ఈ ఆఖరి మాట ఆయన చాలా చిన్నగా చెప్పారు.

ఆయన వెళ్ళాక సంపూర్ణమ్మగారు జగన్నాథరావుని ఎగాదిగా చూసింది. "బయట పెట్టె ఎవరిది?"

"ఎవరిదోనండీ."

"లోపల పెట్టు. ఎండకి పాడవుతుంది. నీ పద్ధతి మంచిదో కాదో నాకు తెలీదుగాని, వీరవేణి అడిగినప్పుడు నోటితో చెప్పు బాబూ, వేలితో కాదు."

జగన్నాథరావు పలక దగ్గరికి నడిచాడు. సుద్దముక్క తీసుకుని పలక మీద పెద్ద అక్షరాలతో ఆరో నియమం రాశాడు. సందేహము కలిగినచో కేకవేసి అడగవలెను. రాసి, నాలుగడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసుకున్నాడు.

"ఇది కొత్తదాండీ?" అన్నాడు లాజరు.

"మద్రాసులో కూడా లేదు లాజరూ," అన్నాడు జగన్నాథరావు నిబ్బరంగా.

రెండేళ్ళ తరవాత చంద్రరావు పంతులుగారికి నిజంగానే అరవై నిండాయిగాని, ఆ మాట ఊళ్ళో ఒక్కరు కూడా నమ్మలేదు.